వంకర కమాను కింద మా ఆయన

మా ఆయన రిటైరైన మొదటి ఏడాది టమాటాలు వేశారు. కోతులు తినేశాయి. రెండో ఏడాది హోమియోపతి చదివారు. ఆ ఏడాది మా వీధిలో ఎవరికీ జలుబు చెయ్యలేదు, చేసినా మా గుమ్మం ముందుకొచ్చి తుమ్మే ధైర్యం ఎవరూ చెయ్యలేదు. మూడో ఏడాది కెమేరా వచ్చింది. టమాటాలే నయమని నాకు తర్వాత తెలిసింది.

ఆయన ఈ కొండల మీద పోయే రైలు లైన్లోనే స్టేషన్ మాస్టరుగా పనిచేశారు. బొర్రా దగ్గరా, ఆ పైనా కిందా ఉన్న చిన్న చిన్న స్టేషన్లలో జెండా ఊపుతూ సర్వీసంతా గడిచిపోయింది. నేను ఆశ్రమ పాఠశాలలో సోషల్ చెప్పాను. ఇద్దరం రిటైరయ్యాక అరకులోనే చిన్న ఇల్లు వేసుకుని ఉండిపోయాం. ఇంట్లో నేను చెప్పేది వినే పిల్లలు లేరు, ఆయన ఆపగలిగే రైళ్ళూ లేవు. అదీ మా పరిస్థితి.

కెమేరా అంటే మెడలో వేసుకునే మామూలు కెమేరా కాదు. నల్లటి పెట్టె. ముందువైపు ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళు. పైన మూత తీసి, తల వంచి, బావిలోకి చూసినట్టు లోపలికి చూడాలి. కుడివైపున్నవాళ్ళు ఎడమవైపు కనిపిస్తారు. అందులో వెయ్యడానికి అరచేతి వెడల్పు ఫిల్ము, వెనక కాగితం అంటించి, రీలుకి చుట్టి వస్తుంది. ఒక్కో రీలుకి పన్నెండు ఫోటోలు.

"సెల్లులో ఎన్ని వేలు పడతాయో కదండీ" అన్నాను.

"అవి ఫోటోలు కావు, ఫైళ్ళు" అన్నారు. టికెట్ లేకుండా ఏసీ బోగీ ఎక్కినవాణ్ణి చూసే చూపు అది. "ఫిల్ము అబద్ధం ఆడదు. వందేళ్ళుంటాది."

ఇదంతా ఫోన్లో వీడియోలు చేసే ఒక గడ్డం మనిషి దగ్గర నేర్చుకున్నారు. ఆ గడ్డం మనిషి ఏ ఊరివాడో తెలీదు గానీ మా ఇంట్లో మాత్రం నాకన్నా ఎక్కువ మాట చెల్లేది అతనికే. అన్నం తింటున్నా అతను మాట్లాడుతూనే ఉండేవాడు.

మొదటి రీలు బాగానే అయిందనుకున్నాం. ఈ కెమేరాలో ఫిల్ము ఒక రీలు మీంచి ఇంకో ఖాళీ రీలు మీదకి చుట్టుకుంటూ పోతుంది. అయిపోయాక మిగిలిన ఖాళీ రీలు తీసి రెండో పక్కన పెట్టుకుంటే తర్వాతి ఫిల్ము దాని మీదకి చుట్టుకుంటుంది. మా ఆయన శుభ్రత పాటించి ఆ ఖాళీ రీలుని చెత్తబుట్టలో వేశారు. పంచాయతీ బండి పట్టుకుపోయింది. ఇంకో ఖాళీ రీలు కొరియర్‌లో వచ్చేదాకా కెమేరా షోకేసులో కూర్చుంది. ఆ రోజులు మా ఇంట్లో ఎంత ప్రశాంతంగా గడిచాయో చెప్పలేను.

రెండో రీలుకి కాగితం కొస రీలు గాడిలో పట్టుకోలేదు. పక్కనున్న మర మాత్రం హాయిగా తిరిగింది. ఆయన హాయిగా తిప్పారు. పూసిన కాఫీ తోట తీశారు, కొండ మీద మబ్బు తీశారు, నన్ను వరండాలో కూర్చోబెట్టి కదలొద్దని నాలుగు తీశారు. నా సర్వీసులో ఇన్‌స్పెక్షన్ జరుగుతున్నప్పుడు కూడా అంత బిగుసుకుని కూర్చోలేదు. తీరా మూత తీస్తే ఫిల్ము పెట్టినచోటే ఉంది, ఒక్క అంగుళం జరగలేదు. మూడో రీలు వదులుగా చుట్టుకుని, అంచుల్లోంచి వెలుతురు దూరి, ఫోటోలన్నీ తెల్లగా మసకబారి వచ్చాయి.

"అరకు మంచు. ఎంత సహజంగా పడిందో సూడు" అన్నారు.

"ఏప్రిల్లోనా?" అన్నాను.

ఆయన మూడు పూటలు నాతో మాట్లాడలేదు. గడ్డం మనిషితో మాట్లాడుకున్నారు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగినది మాత్రం రైల్వేలో పనిచేసినవాడు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పని. ఆ పెట్టెకి వెనక చిన్న ఎర్రద్దం ఉంటుంది. ఫిల్ము కాగితం మీద అచ్చువేసిన నంబర్లు దాన్లోంచి కనిపిస్తాయి. ఒకటి కనిపించాక ఒక ఫోటో తియ్యాలి, రెండు వచ్చేదాకా మర తిప్పాలి, ఆపాలి, రెండో ఫోటో తియ్యాలి. పలక పట్టిన పిల్లకి కూడా అర్థమయ్యే ఏర్పాటు. అయితే ఆ అద్దంలోంచి ఒక్కోసారి వెలుతురు దూరుతుందని, వాడనప్పుడు మూసి ఉంచమని ఎవరో వీడియోలో చెప్పారట. వాడనప్పుడు మూసి, వాడేటప్పుడు తెరిచే బేరం మా ఆయనకి నచ్చలేదు. ప్రమాదమంటే ప్రమాదమే. నల్ల టేపు తెచ్చి రెండు వరసలు శాశ్వతంగా అంటించేశారు.

"మరి నంబరు కనపడకపోతే ఎంత తిప్పాలో ఎలా తెలుస్తుందండీ?"

"సొరంగంలో ఉన్న రైలు నాకు కనపడేదా? సర్వీసంతా నడిపించలేదా?"

అదీ ఆయన ధీమా. కొండ మలుపుల్లో రైలెక్కడుందో కంటికి ఆనదు. పక్క స్టేషనువాడు ఫోన్లో మాట చెప్తాడు, ఈయన అదే మాట తిరిగి చెప్తారు, ఇద్దరి మాటా కలిస్తే బండి కదులుతుంది. అలా బతికిన మనిషికి కళ్ళ మీద నమ్మకం పోయి తిరిగి చెప్పిన మాట మీదే నమ్మకం మిగిలిపోయింది.

ఆ 'మాట' తయారుచెయ్యడానికి ఒక రీలు బలిచ్చారు. భోజనాల బల్ల మీద పెట్టె మూత తీసి, నంబర్లు చూస్తూ, ఒక నంబరు నుంచి ఇంకో నంబరుకి ఎన్ని చుట్లు తిప్పాలో లెక్కపెట్టడం మొదలెట్టారు. మధ్యలో పాత స్నేహితుడెవరో ఫోన్ చేశాడు. పెన్షన్ సంగతి. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో మర. మాటలయ్యేసరికి రీలు చివరికొచ్చేసింది. పదికీ పదకొండుకీ మధ్య సరిగ్గా ఒక చుట్టు. పదకొండుకీ పన్నెండుకీ మధ్య కూడా ఒక చుట్టే.

"తేలిపోనాది. ఫోటోకి ఒక చుట్టు" అన్నారు.

నేను పక్కనే కూర్చుని రాజ్మా కాయలు ఒలుస్తున్నాను. "తిరిగి చెప్పు" అన్నారు. "ఒక చుట్టు" అన్నాను. ఇంక దానికి తిరుగు లేదు.

సరిగ్గా అప్పుడే మా అక్క ఫోన్ చేసింది.

మా పుట్టినూరు హుకుంపేట దాటి లోపలికి పోవాలి. అక్క అక్కడే ఉంటుంది. కాఫీ, మిరియాలు, కొంచెం చోడి చేను, అంటే రాగులు. ఊళ్ళో మా పెద్దలు కట్టుకున్న పెంకుటి చర్చి ఉంది. ఉండేది. ఆ గోడలకి అందరూ మట్టి మోశారు గానీ గుమ్మం మీది కమాను మాత్రం మా బావ ఒక్కడే కట్టాడు. బావ మేస్త్రీ కాదు. కొత్తగా మీసాలొచ్చిన వయసులో పాడేరు వెళ్ళి అక్కడి చర్చి కమాను చూసొచ్చి, నాకూ వచ్చు అని ఎక్కాడు. ఎడమవైపు నాలుగు వేళ్ళు కిందకి దిగిపోయింది. పడగొట్టి మళ్ళీ కడతానంటే పెద్దలు వద్దన్నారు, ఉండనీ అన్నారు. చచ్చేదాకా ఆ వంకర మీద ఊరంతా ఆయన్ని ఆటపట్టించింది. ఆ గుమ్మంలోంచి మొదట పెళ్ళి చేసుకుని బయటికొచ్చిన జంట బావా అక్కే. పాడేరు నుంచి రావలసిన ఫోటోల అతను వాగు పొంగి రాలేకపోయాడు. పెళ్ళి ఫోటో లేదు. బావ పోయి మూడేళ్ళయింది.

ఇప్పుడు చర్చి కూల్చి స్లాబు వెయ్యాలని సంఘం తీర్మానించింది. టైల్సు, అద్దాల కిటికీలు, అంతా చేస్తారట. సోమవారం జేసీబీ వస్తుంది. అక్క ఎవరికీ అడ్డు చెప్పలేదు. వానకి కారే పెంకు కింద ఆమె కూడా ఏళ్ళ తరబడి తడిసింది. నాకు మాత్రం ఫోన్లో చెప్పింది.

"ఆదివారం రాయే. ఆ కమాను కింద నిలబడతాను. నాది ఒక్క ఫోటో తియ్యి. ఇంకేటీ వద్దు."

ఎవరి ఫోన్లలో చూసినా ఆ చర్చి ముక్కలు ముక్కలుగా ఉంది, క్రిస్మస్ నక్షత్రాల వెనకా, పెళ్ళి షామియానాల వెనకా. అక్క ఆ కమాను కింద ఉన్న ఫోటో మాత్రం ఎక్కడా లేదు. నా సెల్లుతో ఒక్క నొక్కు నొక్కితే అయిపోయే పని. కానీ ఫోను స్పీకర్లో ఉంది.

"వదిన ఫోటో సెల్లుతోనా?" అన్నారు మా ఆయన. "నేనొస్తాను."

ఆదివారం ఆరాధన అయ్యేసరికి ఆయన చర్చి ముందు మూడుకాళ్ళ స్టాండు పాతేశారు. ఆ స్టాండుని చూడగానే పాస్టరుగారికి నమ్మకం కుదిరిపోయింది. జనం అందరూ ఫోన్లు పైకెత్తేసరికి మా ఆయన చెయ్యెత్తారు. ప్లాట్‌ఫారం మీద జనాన్ని వెనక్కి జరిపే చెయ్యి అది. ఫోన్లు చేతిలో ఉంటే చూపులు అటుపోతాయి, ఫోటో పాడవుతుంది, ఇది చరిత్ర, అందరూ ఫోన్లు అప్పగించండి అన్నారు. పాస్టరుగారు కానుకల సంచి తిప్పించారు. ఆ సంచి పుట్టాక అంత బరువు ఎప్పుడూ ఎరగదు. కుర్రాళ్ళు గొణుక్కుంటూ వేశారు. నాదీ వెయ్యమన్నారు. భర్త పరువు కదా, వేశాను. అక్క తన చిన్న ఫోను అందరికన్నా ముందు వేసింది.

తర్వాత మర తేలిగ్గా తిరుగుతోందని ఆయనకి అనుమానమొచ్చింది. కాగితం కొస మళ్ళీ గాడి తప్పినట్టుంది. ఎండలో పెట్టె తెరిస్తే ఫిల్ము పాడవుతుంది కాబట్టి ఒక ఇంటి నుంచి నల్ల రగ్గు తెప్పించుకుని, దాన్ని కప్పుకుని, దాని కింద చర్చి మెట్టు మీద కూర్చున్నారు. ఊరి జనమంతా వరసల్లో నిలబడి ఆ రగ్గు వైపు చూస్తున్నారు. రగ్గు అప్పుడప్పుడూ కదులుతోంది. ఒక ముసలాయన వంగి అడిగాడు.

"బాబూ, లోపల ఏటి సేత్తన్నావు?"

"ఫిల్ము కాగితం మీద బాణం గుర్తు వెతుకుతన్నాను" అంది రగ్గు.

ఒళ్ళంతా చెమటతో బయటికొచ్చి, ఇప్పుడు పట్టింది అన్నారు. నిజమే, ఈసారి పట్టింది. ఆ రోజు ఆ పెట్టెలో తప్పు పట్టవలసింది ఇంకేమీ లేదు. తప్పంతా చుట్టులోనే ఉంది.

ముందు వదిన ఫోటో అన్నారు. గౌరవం అది, కాదనను. అక్క నీలం చీర కట్టుకుంది. బావ చివరిసారి కాఫీ గింజలు అమ్మొచ్చి కొన్నది. తిన్నగా వెళ్ళి కమాను కింద, నట్టనడుమ నిలబడింది. తల పైకెత్తి ఒకసారి ఆ వంకర చూసుకుని, చీర సర్దుకుని, మా వైపు తిరిగింది. నేనయితే అప్పుడే నొక్కేసేదాన్ని.

"వదినా, ఎడమకి జరుగు" అన్నారు మా ఆయన పెట్టెలోకి చూస్తూ.

"నాను కమాను కింద నిలబడతాను బాబూ."

"మనిషిని నడిమద్దిన పెడితే అది ఆధార్ కార్డు ఫోటో. ఓ పక్కకుండాలి. గుమ్మం ఖాళీగా ఉంటేనే అందం. కమానూ పడతాది, నువ్వూ పడతావు."

ఇదీ గడ్డం మనిషి చెప్పిందే. "ఆమె ఎక్కడ నిలబడితే అక్కడే తియ్యండి" అన్నాను. "నువ్వు చుట్టు చెప్పు" అన్నారు. అక్క నా వంక చూసి, ఆయన వంక చూసి, జరిగింది. ఇంకా, ఇంకా అన్నారు. కిటికీ దాకా జరిగింది. మరిది రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసినవాడు, మూడుకాళ్ళ స్టాండున్నవాడు. ఆయనకి తెలియదంటే ఎవరికి తెలుస్తుంది? పెట్టె 'టక్' మంది.

"ఒక చుట్టు" అని తిప్పారు.

"ఒక చుట్టు" అన్నాను.

తర్వాత ఆడవాళ్ళ సంఘం. ఒక చుట్టు. పెద్దలు. ఒక చుట్టు. పాస్టరుగారి కుటుంబం, పాటలు పాడే కోయిర్, మొత్తం సంఘం మూడు వరసల్లో, మళ్ళీ మొత్తం సంఘం ఎవరో కళ్ళు మూశారని. ఒక చుట్టు, ఒక చుట్టు. ఎండలో నా గొంతు ఎండిపోయింది. పన్నెండు ఫోటోలయ్యాయి. పన్నెండుతో ఫిల్ము అయిపోయి మర వదులైపోవాలి. అవలేదు. ఇంకా బిగువుగానే ఉంది.

ఆయన ముఖం వెలిగిపోయింది. "సూసావా? పద్ధతిగా తిప్పితే పన్నెండు కాదు, ఇంకా వస్తాయి. కంపెనీవాడికే తెలీదు."

ఎక్కడో ఏదో తక్కువ పడితేనే ఇంకెక్కడో మిగులుతుందని మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

అప్పటికి భోజనాలు మొదలయ్యాయి. ఫోన్లు ఎవరివి వాళ్ళు తీసుకుని కోడికూర దగ్గరికి పోయారు. అక్క వడ్డనలో ఉంది. తన ఫోటో అయిపోయిందనుకుంది, అదీ మంచి కెమేరాతో. మిగిలిన ఫిల్ము వృథా చెయ్యడమెందుకని ఆయన ఒక కుక్కని తీశారు. పాస్టరుగారి మోటారు సైకిలు తీశారు. సంచిలోంచి ఒక టోపీ బయటికి తీశారు, సినిమాల్లో వేటగాళ్ళు పెట్టుకునేలాంటిది. అది కొన్నట్టు నాకు తెలియదు. తలకి పెట్టుకుని వెళ్ళి కమాను కింద నిలబడి, "నాది ఒకటి నొక్కు" అన్నారు. నాకు అందం తెలియదు కదా, నట్టనడుమ పెట్టి నొక్కాను. నేను నొక్కీ నొక్కగానే చినుకులు మొదలయ్యాయి. అందరం షామియానా కిందకి పరిగెత్తాం. ఆ వాన చీకటి పడేదాకా వదల్లేదు.

సోమవారం జేసీబీ వచ్చింది. మా ఆయన ఒక రీలు ఎక్కించేంత సేపు కూడా పట్టలేదట, చర్చి మొత్తం కూల్చడానికి.

ఫిల్ముని సిటీలో కడిగేవాళ్ళకి పంపాం. కాఫీ పళ్ళ కోత సగమయ్యేసరికి అక్కణ్ణుంచి ఫోనొచ్చింది. ఆ అబ్బాయి చాలా మర్యాదస్తుడు. "సార్, ఎక్కడ కట్ చెయ్యాలో అర్థం కావడం లేదు. ఒక ఫోటో ఎక్కడ అయింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది?" అన్నాడు. చివరికి కట్ చెయ్యకుండానే, ఉన్నదున్నట్టు ఫోన్‌కి పంపాడు.

చూశాను. అక్క ఉంది. నీలం చీర ఉంది. ముఖం ఉండవలసిన చోట ఆడవాళ్ళ సంఘం ఉంది. ఒకామె మోచెయ్యి అక్క నుదుటి మీదుగా పోయింది, ఇంకొకామె జరీ అంచు నోటికి అడ్డంగా పడింది. కిటికీ దాకా జరిపారు కదా, సరిగ్గా రెండో ఫోటో వచ్చి పడ్డ చోటే ఆమె నిలబడి ఉంది. ఆ ఖాళీ గుమ్మం మీద చర్చి కప్పు రెండోసారి ఏటవాలుగా వాలింది. ఆ తర్వాతి ఫోటోల్లో మా సంఘమంతా మనిషికి రెండు తలలతో, నాలుగు చేతులతో వరసగా నిలబడి ఉన్నారు. పోను పోను కొంచెం తేరుకున్నారు. చివరికొచ్చేసరికి ఫోటోలు విడివిడిగా, అద్దంలా వచ్చాయి. కుక్క మీసాలు లెక్కపెట్టుకోవచ్చు. మోటారు సైకిలు నంబరు చదువుకోవచ్చు. మా ఆయన చొక్కా గుండీలు కూడా కనిపిస్తున్నాయి.

"దీనికి ఒక పేరుంది. డబల్ ఎక్స్‌పోజరంటారు. కావాలని తీస్తారు" అన్నారు. ఫోన్లోని ఫోటోల గుంపులో పెడితే ఎవరో 'అద్భుతం' అని కూడా రాశాడట. నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోతే ఆయనకి భయం. టేపు పీకి, అప్పుడు బలిచ్చిన రీలు కాగితాన్ని మళ్ళీ ఎక్కించి, ఎర్రద్దంలోంచి చూస్తూ మొదటి నంబరు నుంచి తిప్పడం మొదలెట్టారు. ఒకటికీ రెండుకీ మధ్య దాదాపు ఒకటిన్నర చుట్టు. సన్న పుల్లకి తాడు చుడితే మొదటి చుట్టుకి కొంచెమే పడుతుంది, లావెక్కే కొద్దీ ఎక్కువ పడుతుంది. రీలు కూడా అంతే. మొదట్లో ఒక చుట్టు తిప్పితే ఫిల్ము పూర్తిగా పక్కకి జరగదు, చివర్లో అదే చుట్టు సరిపోతుంది.

"మొదట్లో ఒకటిన్నర తిప్పాలన్నమాట" అన్నారు మెల్లగా.

"ఇప్పుడు తిప్పండి" అన్నాను. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద ఆ రోజు వచ్చినంత కోపం మా పెళ్ళయ్యాక ఎప్పుడూ రాలేదు.

శుక్రవారం సంతకి మిరియాలు పట్టుకుని అక్క అరకు వచ్చింది. ఫోటో చూపించక తప్పలేదు. ఫోన్లో పొడుగ్గా ఉన్న ఆ గందరగోళాన్ని వేలితో జరుపుకుంటూ పోయింది. తన దగ్గర ఆగలేదు. వేలు ముందుకే పోయింది. చివర్లో ఆగింది.

"కమాను దీన్లోనే ఉన్నాది" అంది. "ఈ బాబుని తీసీమను."

మెయిన్ రోడ్డు మీద ఒక స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫోటోలు, ఫ్లెక్సీలు చేస్తారు. ముగ్గురం వెళ్ళాం. మా ఆయన పాస్‌పోర్టు ఫోటోల స్టూలు మీద కూర్చున్నారు. స్టూడియో ఆయన కంప్యూటర్లో మా ఆయన చుట్టూ ఒక గీత గీసి, ఒక మీట నొక్కాడు. బూట్లూ పోయాయి, బొజ్జా పోయింది, టోపీ పోయింది. ఇన్నేళ్ళలో నేను చెయ్యలేని పని ఒక్క మీటతో అయిపోయింది. గుమ్మం ఖాళీ అయింది. పైన కమాను నిండుగా, గుండ్రంగా, తీర్చిదిద్దినట్టు వచ్చింది.

అక్క కంప్యూటరు దగ్గరికి వంగింది. "ఇదేటి?"

"కమానమ్మా. టోపీ వెనక కనపడని భాగాన్ని కంప్యూటరే కట్టేసింది. ఆ పక్క కొంచెం దిగిపోయి ఉంటే అదీ సరిచేసేసింది."

"మా ఆయన కట్టినది వొంకర."

"దాన్దేముందమ్మా, వంచేద్దాం. ఎంత వంకర కావాలి?"

అక్క నాలుగు వేళ్ళు చూపించబోయి చెయ్యి దించేసింది. స్టూలు మీంచి మా ఆయన గొంతు సవరించుకున్నారు.

"వదినా, పోనీ నిన్ను ఇప్పుడు ఇక్కడే తీసి, ఆ కమాను కింద పెట్టించీమంటావా? తెలీదు, అతుకు కనపడదు."

ఫిల్ము అబద్ధం ఆడదన్న మనిషి అన్న మాటే అది.

"నాను అక్కడ నిలబడలేదు కదా బాబూ" అంది అక్క. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. "నువ్వు జరగమన్నావు, జరిగినాను."

మా ఆయన నేల చూశారు. నాకు జాలి వెయ్యలేదని చెప్తే అబద్ధమవుతుంది, కానీ పైకి చూపించలేదు.

"ఈ బాబుని మళ్ళీ పెట్టీ" అంది అక్క స్టూడియో ఆయనతో. "వొంకర టోపీ ఎనకాల ఉన్నాది. నాకు తెలుసు."

పెద్ద సైజులో ప్రింటు తీయించి ఫ్రేము కట్టించింది. ఇప్పుడది అక్క ఇంట్లో, తలుపు తియ్యగానే ఎదురుగా కనిపించే గోడ మీద ఉంది. టోపీ పెట్టుకుని, నడుము మీద చెయ్యేసి, మా ఆయన.

మొన్న మేము వెళ్ళినప్పుడు సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ చూడ్డానికొచ్చింది. మా ఆయన టోపీ లేకుండా ఒక మూల కూర్చుని కాఫీ తాగుతున్నారు కాబట్టి ఆవిడ పోల్చుకోలేదు. ఫోటో ముందు నిలబడి, వితంతువుతో మాట్లాడవలసిన మెత్తని గొంతుతో అడిగింది.

"ఈయనేనా అమ్మా మీ ఆయన?"

"కాదమ్మా" అంది అక్క, గ్లాసులో కాఫీ పోస్తూ. "మా ఆయన ఎనకాల ఉన్నాడు. ఈ బాబు అడ్డం నిలబడ్డాడు."